బంగారంలో మకిలి

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో నేనొక రీడింగ్ మార్చాను. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన అక్కణ్ణుంచే మొదలైంది.

రాగి తీగ చుట్టను నూనెలో ముంచి, నెమ్మదిగా వేడి చేస్తూ, ఐదేసి డిగ్రీలకొకసారి దాని రెసిస్టెన్స్ కొలిచే ఎక్స్‌పెరిమెంట్ అది. మీలో చాలామంది చేసే ఉంటారు. గ్రాఫ్ సరళరేఖ రావాలి. మా బ్యాచ్‌కి పది రీడింగుల్లో తొమ్మిది బుద్ధిగా గీత మీద కూర్చున్నాయి. ఒకటి మాత్రం పైకి లేచి నిలబడింది. ల్యాబ్ టైమ్ అయిపోతోంది, సంతకం కావాలి, బయట వాన పడేలా ఉంది. ఎరేజర్ తీసుకుని ఆ అంకె చెరిపేసి, గీత మీద సరిపోయే ఇంకో అంకె వేశాను. ఎవరూ అడగలేదు. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

మూడేళ్ళు గడిచాక, ఫైనలియర్‌లో తీసుకున్న ఎలక్టివ్ సిలబస్‌లో కోండో ఎఫెక్ట్ అని ఒక మాట కనబడింది. ఒకే ఒక్క మాట. పరీక్షలో అడగరని సీనియర్లు చెప్పారు కాబట్టి కాస్త తీరిగ్గా, భయం లేకుండా చదివాను. బంగారంలో చిటికెడు ఇనుము కలిస్తే అది చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను ఏం చేస్తుందన్నది విషయం. దీని మూలం ఎక్కడుందా అని వెనక్కి వెళ్తూ వెళ్తూ, చివరికి హాలండ్‌లోని లైడెన్ ఊళ్ళో, వందేళ్ళ కిందట చనిపోయిన ఒకాయన దగ్గర ఆగాను. ఆయన పేరు హైకె కామర్లింగ్ ఓన్నెస్.

టెక్స్ట్‌బుక్‌లో ఆయన గురించి రెండు ముక్కలే ఉంటాయి. 1908లో హీలియంను ద్రవంగా మార్చారు, 1911లో సూపర్‌కండక్టివిటీని కనిపెట్టారు. రెండూ నిజమే. కానీ నన్ను పట్టుకున్నది ఆ రెంటికీ మధ్యలో ఉండిపోయిన ఒక బంగారు తీగ. దాని కథ చెప్పాలంటే ఆయన కథ చెప్పాలి.

ఓన్నెస్ 1853 సెప్టెంబర్ 21న హాలండ్ దేశపు ఉత్తర భాగంలోని క్రోనింగన్ అనే ఊళ్ళో పుట్టారు. నాన్నగారికి ఇటుకల బట్టీ ఉండేది. తమ్ముడు మెన్సో పెద్ద చిత్రకారుడయ్యాడు. ఈయన మాత్రం ఫిజిక్స్ వైపు వెళ్ళారు. ఊళ్ళోనే యూనివర్సిటీలో చేరి, మధ్యలో 1871 నుంచి 1873 దాకా జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో బన్సెన్, కిర్కాఫ్‌ల దగ్గర చదువుకున్నారు. ఒకరి పేరు మన కెమిస్ట్రీ ల్యాబ్ బర్నర్ మీద ఉంది, ఇంకొకరి పేరు బేసిక్ ఎలక్ట్రికల్ మొదటి యూనిట్‌లో ఉంది. ఆ ఇద్దరి క్లాసులో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు ఊహకందడం లేదు. తర్వాత 1879లో, భూమి తిరుగుతోందని లోలకంతో కొత్తగా రుజువు చేసే పని మీద డాక్టరేట్ తీసుకున్నారు.

1882లో, 29 ఏళ్ళకే, లైడెన్ యూనివర్సిటీలో ఎక్స్‌పెరిమెంటల్ ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. చేరినరోజు ఉపన్యాసంలో ఆయన చెప్పిన సంగతి ఒకటి డచ్చి వాళ్ళకి సామెతలా నిలిచిపోయింది. తెలుసుకోవాలంటే కొలవాలి, ఆ మాట ప్రతి ఫిజిక్స్ ల్యాబ్ గుమ్మం మీదా రాసి పెట్టాలని ఉందని ఆయన అన్నారు. ఇప్పుడు మనకి అది పోస్టర్ మీది మాటలా అనిపిస్తుంది. ఆయన మాత్రం తర్వాతి నలభై ఏళ్ళూ అక్షరాలా అదే చేశారు.

కొలవాలనుకున్నది ఏమిటంటే వాన్‌డర్‌వాల్స్ సిద్ధాంతాన్ని. మనం ఇంటర్‌లో బట్టీ పట్టిన ఆ ఈక్వేషనే. వాన్‌డర్‌వాల్స్ ఆయనకి సమకాలికుడు, స్నేహితుడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండేవారు. వాయువులన్నీ ఒకే సూత్రం ప్రకారం ద్రవాలుగా మారతాయని ఆ సిద్ధాంతం చెబుతుంది. నిజమో కాదో చూడాలంటే వాయువుల్ని బాగా చల్లబరచాలి. అలా మొదలైంది చలి పిచ్చి. 1894కల్లా గొలుసుకట్టు యంత్రాలతో లీటర్ల లెక్కన ద్రవ ఆక్సిజన్ తయారు చేసే ఏర్పాటు లైడెన్‌లో సిద్ధమైంది.

అప్పుడొచ్చింది చిక్కు. ఆ ల్యాబ్ ఉన్న చోటికి ఒక చరిత్ర ఉంది. 1807 జనవరిలో, ఊరి మధ్య కాలువలో ఆగిన పడవ నిండా ఉన్న తుపాకీమందు పేలి, సుమారు 150 మంది చనిపోయారు. ఒక పేట మొత్తం నేలమట్టమైంది. ఆ ఖాళీ అయిన స్థలంలోనే తర్వాత ఈ ల్యాబ్ కట్టారు. ఇప్పుడక్కడ ఒక ప్రొఫెసర్ గారు అధిక పీడనంతో వాయువుల్ని సిలిండర్లలో నింపుతున్నారని తెలిసేసరికి ఊరివాళ్ళు హడలిపోయారు. ఫిర్యాదులు, కమిటీలు, విచారణలు. దాదాపు మూడేళ్ళు చల్లబరిచే పని ఆగిపోయింది. మళ్ళీ అనుమతి వచ్చింది 1898లో. అదే ఏడాది లండన్‌లో జేమ్స్ డ్యూయర్ హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చేశాడు. పోటీలో ఉన్న మనిషికి ఇంతకంటే కడుపుమంట ఏముంటుంది? అయితే ఆ విచారణ టైమ్‌లో ఓన్నెస్‌కు మద్దతుగా లేఖ రాసిన వాళ్ళలో డ్యూయర్ కూడా ఉన్నాడు. ఆ లేఖ సంగతి తెలిసినప్పటి నుంచీ డ్యూయర్ అంటే నాకు కాస్త గౌరవం పెరిగింది.

డ్యూయర్ ఎక్కువగా తన చేతిమీదే ఆధారపడే మనిషి. ఓన్నెస్ దారి వేరు. ఆయన ల్యాబ్‌ను ఒక ఫ్యాక్టరీలా కట్టుకొచ్చారు. 1901లో పరికరాలు తయారు చేసేవాళ్ళ కోసం ఒక స్కూలే పెట్టించారు. అక్కడ కుర్రాళ్ళు నీలం యూనిఫాంలు వేసుకునేవాళ్ళు కాబట్టి నీలం పిల్లలని పేరు. పగలు ల్యాబ్‌లో పని, సాయంత్రం పాఠాలు. గాజు ఊదే కెసెల్‌రింగ్, యంత్రాలు చూసే ఫ్లిమ్, వీళ్ళు లేకపోతే లైడెన్ ల్యాబ్ లేదు. హైడ్రోజన్‌ను పెద్ద మొత్తంలో ద్రవం చేయడం 1906లో కుదిరింది. ఇక మిగిలింది హీలియం.

హీలియం అప్పట్లో దొరికేదే కాదు. మోనజైట్ అనే ఇసుకను వేడి చేస్తే కొంచెం వస్తుంది. వాణిజ్య సమాచార కార్యాలయంలో ఉన్న ఇంకో తమ్ముడు ఓన్నో సాయంతో అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి ఆ ఇసుక తెప్పించుకున్నారు. బస్తాల కొద్దీ ఇసుక నుంచి కొన్ని వందల లీటర్ల వాయువు. దాన్ని శుభ్రం చేయడానికే నెలలు పట్టింది.

1908 జూలై 10. తెల్లవారుజామున ఆరు కాకముందే పని మొదలైంది. మధ్యాహ్నానికి ఇరవై లీటర్ల ద్రవ హైడ్రోజన్ సిద్ధం. సాయంత్రానికి హీలియం తిరుగుతోంది, థర్మామీటర్ దిగుతోంది, ఒక దగ్గర ఆగిపోయింది. ఎంత పంపు చేసినా కదలదు. ఏదో పాడైందనుకున్నారు. చూడ్డానికి వచ్చిన కెమిస్ట్రీ ప్రొఫెసర్ ష్రైనెమాకర్స్, అది ద్రవంలో మునిగి ఉండబట్టే కదలడం లేదేమో, పాత్రకి కింది నుంచి దీపం పెట్టి చూడండని సలహా ఇచ్చారు. పెట్టి చూస్తే, గాజు గోడ మీద కత్తి అంచులా ద్రవం ఉపరితలం మెరిసింది. అప్పటికే పాత్ర దాదాపు నిండి ఉంది. మొత్తం 60 మిల్లీలీటర్లు, అంటే మన క్యాంటీన్ టీ కప్పుకి కాస్త తక్కువ. ఉష్ణోగ్రత సుమారు మైనస్ 269 డిగ్రీలు, పరమశూన్యానికి నాలుగు కెల్విన్ల పైన. ఆ క్షణాన భూమ్మీద అంతకంటే చల్లటి చోటు లేదు.

ఇంత చలి చేతికొచ్చాక ఏం కొలవాలి? ఓన్నెస్ ఎంచుకున్న వాటిల్లో ఒకటి లోహాల రెసిస్టెన్స్. దీనికి ఒక మామూలు కారణం ఉంది: ఆ లోతుల్లో ఉష్ణోగ్రత కొలవడానికి ప్లాటినం తీగ రెసిస్టెన్సే థర్మామీటర్. దాంతోపాటు ఒక పెద్ద ప్రశ్న కూడా ఉంది. పరమశూన్యం దగ్గర కరెంటుకి ఏమవుతుంది? అణువుల కదలిక తగ్గేకొద్దీ అడ్డు తగ్గి, రెసిస్టెన్స్ సున్నాకి దిగుతుందని కొందరు. సున్నా కాదు, ఒక దగ్గర ఆగిపోతుందని కొందరు. లార్డ్ కెల్విన్ మూడో మాట చెప్పారు: ఎలక్ట్రాన్లు కూడా చలికి గడ్డకట్టి అణువులకు అంటుకుపోతాయి, కాబట్టి రెసిస్టెన్స్ ఒక కనిష్ఠానికి దిగి, మళ్ళీ పైకి ఎగబాకి, అనంతానికి పోతుందని. మొదట్లో ఓన్నెస్ మొగ్గింది కెల్విన్ వైపే. దిగి మళ్ళీ పైకి లేచే ఆ వంపు కోసమే ఆయన వెతికారు. ఈ వంపుని గుర్తుపెట్టుకోండి.

బంగారం, ప్లాటినం తీగల మీద యాకోబ్ క్లే అనే విద్యార్థితో కలిసి కొలతలు మొదలయ్యాయి. ద్రవ హైడ్రోజన్ చలిలో రెసిస్టెన్స్ దిగుతూ వచ్చి, నెమ్మదించింది. ఒక్కో తీగ ఒక్కో దగ్గర నెమ్మదిస్తోంది. ఎందుకా అని చూస్తే, బంగారంలో మలినం ఎంత ఉంటే రెసిస్టెన్స్ అంత పైన ఆగుతోంది. తర్వాత హీలియం చలిలో ప్లాటినం తీగను కొలిస్తే, నాలుగు కెల్విన్ల కింద గ్రాఫ్ బల్లపరుపుగా అయిపోయింది. పైకి లేవలేదు. కెల్విన్ మాట తప్పని ఓన్నెస్ తేల్చేసుకున్నారు. మిగిలిన ఆ కాస్త రెసిస్టెన్స్ పాపమంతా మలినాలది, పూర్తిగా శుద్ధమైన లోహం దొరికితే రెసిస్టెన్స్ సున్నా అయిపోతుందన్నది ఆయన కొత్త నమ్మకం.

అంటే అప్పట్నుంచి మకిలి ఆయనకి శత్రువు. కొలతకి అడ్డొచ్చే చెత్త.

బంగారాన్ని అంతకంటే శుద్ధి చేయడం కష్టం. పాదరసం అయితే ద్రవం. మరిగించి, ఆవిరిని మళ్ళీ చల్లార్చి, ఎన్నిసార్లైనా శుభ్రం చేసుకోవచ్చు. అందుకని సన్నటి గాజు గొట్టాల్లో పాదరసం పోసి గడ్డకట్టించి తీగలా వాడారు. 1911 ఏప్రిల్ 8న హీలియంను కొత్త పాత్రలోకి మళ్ళించి కొలత తీశారు. ఓన్నెస్, డోర్స్‌మన్, ఫ్లిమ్ యంత్రాల దగ్గర. గిల్లెస్ హోల్స్ట్ అనే కుర్రాడు దూరంగా ఇంకో చీకటి గదిలో గాల్వనోమీటర్ దగ్గర, ఎందుకంటే పంపుల అదురుకి సూది నిలబడదు. సుమారు 3 కెల్విన్ల దగ్గర పాదరసం రెసిస్టెన్స్ దాదాపు సున్నా అని ఓన్నెస్ పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ వెంటనే ఇంకో చిన్న ముక్క ఉంది: బంగారంతో మళ్ళీ చేసినట్టు.

అవును, ఆ రోజు అదే పాత్రలో పాదరసం పక్కనే బంగారం కూడా ఉంది. ప్రపంచమంతా పాదరసాన్నే చూసింది. బంగారం గురించి ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం కూడా అప్పుడు కనబడలేదు.

ఈ కథకి ఒక అల్లిక ఉంది, మీరు యూట్యూబ్‌లో వినే ఉంటారు. ఒక నీలం కుర్రాడు నిద్రలోకి జారుకోవడంతో ఉష్ణోగ్రత పెరిగి, రెసిస్టెన్స్ హఠాత్తుగా కనబడిందని. వినడానికి బావుంటుంది. 2010లో డిర్క్ వాన్ డెల్ఫ్ట్, పీటర్ కెస్ ఆ నోట్‌బుక్కులు కూర్చుని చదివితే ఏప్రిల్ 8 పేజీల్లో అలాంటిదేమీ లేదు. ఆ హఠాత్తు మార్పును ఓన్నెస్ బృందం మే 23న, ఉష్ణోగ్రతను కొంచెం కొంచెంగా పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, పద్ధతిగా పట్టుకుంది. 4.2 కెల్విన్ల అటూ ఇటూ. నిద్రపోయిన కుర్రాడి కంటే ఈ ఓపిక కథే నాకు నచ్చింది. ఒప్పుకుంటాను, రీల్ చేస్తే మాత్రం మొదటిదానికే వ్యూస్ వస్తాయి.

తర్వాత రెండేళ్ళలో తగరం, సీసం కూడా సూపర్‌కండక్టర్లని తేలింది. అసలు తమాషా ఇంకోటి. ఓన్నెస్ కావాలనే పాదరసంలో కాస్త బంగారం, కాడ్మియం కలిపి చూశారు. అంత మురికి చేసినా రెసిస్టెన్స్ సున్నాకే పడిపోయింది! అంటే ఇన్నేళ్ళ శుద్ధి, మరగబెట్టడం, ఆ నమ్మకం మొత్తం, సూపర్‌కండక్టివిటీకి అవసరమే లేదు. తప్పుడు కారణంతో సరైన లోహాన్ని ఎంచుకున్నారన్నమాట. దాన్ని దాచకుండా అచ్చు వేయించారు చూడండి, అక్కడ ఆయన నాకు మరీ దగ్గరైనట్టు అనిపించారు.

అన్నీ మెచ్చుకోవడానికే లేవు. ఆ 1911 పేపర్ మీద ఉన్నది ఒక్క ఓన్నెస్ పేరే. చీకటి గదిలో కూర్చుని సున్నాను మొదట చూసిన హోల్స్ట్‌కి, చలిని అదుపులో పెట్టిన డోర్స్‌మన్‌కి చివర్లో కృతజ్ఞతలు. ఆ కాలపు పద్ధతే అది, ల్యాబ్ అంటే ప్రొఫెసర్ గారి సొంత రాజ్యం. పద్ధతే అయినా, గ్రూప్ ప్రాజెక్టులో రాత్రంతా కోడ్ రాసి, రిపోర్టు మీద నాలుగో పేరుగా మిగిలిన ఎవరికైనా ఇది కాస్త గుచ్చుకుంటుంది. హోల్స్ట్ ఏమీ కుంగిపోలేదు, 1914లో ఫిలిప్స్ కంపెనీ పరిశోధన ల్యాబ్‌కి మొదటి డైరెక్టర్ అయ్యాడు. 1913 నోబెల్ మాత్రం ఓన్నెస్‌కే వచ్చింది. అది కూడా తక్కువ ఉష్ణోగ్రతల పరిశోధనకి, హీలియంకి.

ఆ తర్వాత ఆయన అయస్కాంతాల వైపు తిరిగారు. సూపర్‌కండక్టర్ తీగ చుట్టి రాక్షస అయస్కాంతం చేయాలన్న కల, ఆ తీగ తన సొంత అయస్కాంత క్షేత్రానికే మామూలు లోహం అయిపోవడంతో చెదిరింది. ఇంకోవైపు గాడోలినియం సల్ఫేట్ లాంటి లవణాలను హీలియం చలిలో పెట్టి, వాటిలో ఒక్కో అణువూ ఒక చిన్న అయస్కాంతంలా ఎలా తిరుగుతుందో కొలిచారు. అణువు అయస్కాంతం కాగలదని ఆయనకి తెలుసు. లోహంలో మలినం రెసిస్టెన్స్‌ని పెంచుతుందనీ తెలుసు. ఈ రెండూ ఒకే ల్యాబ్‌లో, వేరువేరు నోట్‌బుక్కుల్లో ఉండిపోయాయి. వాటిని కలపడానికి కావలసిన క్వాంటమ్ మెకానిక్స్ అప్పటికింకా పుట్టలేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం.

జీవితమంతా ఆరోగ్యం అంతంతమాత్రం. 1923లో రిటైరయ్యారు. 1926 ఫిబ్రవరి 21న లైడెన్‌లో పోయారు. అంత్యక్రియల గురించి ల్యాబ్ వాళ్ళు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. నల్ల కోట్లు, పొడుగు టోపీలు వేసుకుని టెక్నీషియన్లు శవపేటిక బండి వెనక పక్క ఊరి శ్మశానం దాకా నడవాలి. ఆలస్యమైందని బండివాడు గుర్రాల్ని అదిలించాడు. చెమటలు కక్కుకుంటూ వెనకే పరుగెత్తిన వాళ్ళలో ఒకరు, పోయాక కూడా ముసలాయన మనల్ని పరిగెత్తిస్తూనే ఉన్నాడని అన్నారట. హీలియంను గడ్డకట్టించాలని ఆయన ఎంతో ప్రయత్నించి ఓడిపోయారు. ఆయన పోయిన కొన్ని నెలలకే అదే ల్యాబ్‌లో కీసం దాన్ని సాధించాడు.

ఇక బంగారం. 1934, ఓన్నెస్ పోయి ఎనిమిదేళ్ళు. ఆయన తర్వాత ల్యాబ్ చూసిన ఇద్దరిలో ఒకరైన డి హాస్, డి బోర్, వాన్ డెన్ బెర్గ్‌లతో కలిసి బంగారు తీగను చల్లబరుస్తూ కొలుస్తున్నాడు. రెసిస్టెన్స్ దిగింది, దిగింది, కొన్ని కెల్విన్ల దగ్గర ఆగింది, ఇంకా చల్లబరిస్తే మళ్ళీ పైకి లేచింది. పెరిగింది చాలా కొద్దిగా. కానీ తప్పకుండా పెరిగింది. ఓన్నెస్ మొదట్లో వెతికిన వంపు, తర్వాత లేదని కొట్టిపారేసిన వంపు, ఆయన ల్యాబ్‌లోనే, ఆయన లోహంలోనే!

వాళ్ళ దగ్గర ఎరేజర్ లేదా అని నేను అనుకున్నాను. ఇంత చిన్న పెరుగుదల, ఏ థియరీకీ సరిపోనిది, వైర్ కాంటాక్ట్ తప్పని కొట్టేయొచ్చు. కొట్టేయలేదు. అచ్చు వేశారు. ఆ గ్రాఫ్ ముప్ఫై ఏళ్ళు జవాబు లేకుండా అలాగే ఉండిపోయింది.

ఎందుకు జవాబు లేదో చెప్పడానికి మన హాస్టల్ గేటును తెచ్చుకుంటాను. లోహంలో ఎలక్ట్రాన్లు రాత్రి హాస్టల్‌కి తిరిగొచ్చే పిల్లల్లాంటివి. మామూలు మలినం, అంటే వెండి అణువో ఇంకోటో, దారి మధ్యలో ఉన్న స్తంభం. వంద మంది వచ్చినా వెయ్యి మంది వచ్చినా స్తంభం స్తంభమే. ఒకడు గుద్దుకున్నాడని తర్వాతివాడికి ఏమీ మారదు. చలి పెరిగితే అణువుల ఊగిసలాట, అంటే దారిలో జనం తోపులాట, తగ్గుతుంది. స్తంభం ఇచ్చే అడ్డు మాత్రం మారదు. అందుకే గ్రాఫ్ బల్లపరుపు. ఓన్నెస్ ప్లాటినంలో చూసింది ఇదే.

ఇనుము అణువు స్తంభం కాదు, గేటు దగ్గర వాచ్‌మన్. బంగారంలో ఇరుక్కున్న ఇనుములో జత కుదరని ఎలక్ట్రాన్లుంటాయి, వాటి స్పిన్ వల్ల అదొక బుల్లి అయస్కాంతం. దాని ముల్లు పైకి ఉండొచ్చు, కిందికి ఉండొచ్చు. దారిన పోయే ఎలక్ట్రాన్‌కీ స్పిన్ ఉంది. ఇద్దరూ ఎదురుపడితే కొన్నిసార్లు స్పిన్‌లు తారుమారవుతాయి: ఎలక్ట్రాన్ తిరగబడి వెళ్తుంది, ఇనుము కూడా తిరగబడుతుంది. ఇప్పుడు తర్వాత వచ్చే ఎలక్ట్రాన్‌కి ఎదురయ్యేది పాత వాచ్‌మన్ కాదు. ముందు వెళ్ళినవాడితో గొడవపడి మూడ్ మారిన వాచ్‌మన్. అంటే ఒక ఎలక్ట్రాన్ ఏం చేసిందన్నది వెనక వచ్చేవాటికి తెలిసిపోతోంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎలక్ట్రాన్లన్నీ ఆ ఒక్క ఇనుము అణువు ద్వారా ముడిపడిపోతున్నాయి. పగలు తోపులాటలో వాచ్‌మన్ మూడ్ ఎవరికీ పట్టదు. రాత్రి అంతా సద్దుమణిగాక అదే ముఖ్యమైపోతుంది. చలి పెరిగేకొద్దీ ఈ గొడవ బలపడుతుంది, రెసిస్టెన్స్ పైకి లేస్తుంది. పదిలక్షల బంగారు అణువులకి కొన్ని పదుల ఇనుము అణువులున్నా చాలు. పోల్చి చూస్తే, నగల బంగారంలో కలిపే రాగి ఎంత ఉన్నా ఈ పని చేయదు. రాగికి ఆ అయస్కాంతపు బుద్ధి లేదు.

దీన్ని లెక్కగట్టి చూపించింది జూన్ కోండో, 1964లో, టోక్యోలోని ఎలక్ట్రోటెక్నికల్ లేబరేటరీలో. అప్పటిదాకా అందరూ ఒక్క తాకిడి దగ్గర లెక్క ఆపేవాళ్ళు. ఆయన దాని తర్వాతి మెట్టు కూడా లెక్కేస్తే, ఉష్ణోగ్రత లాగరిథమ్‌తో పెరిగే ఒక పదం బయటపడింది. ఇనుము కలిసిన బంగారం కొలతల పక్కన పెడితే గీతలు కలిసిపోయాయి. అదే కాలంలో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మిరియమ్ సారాచిక్ కొలతలు, ఇనుము అయస్కాంతంగా ఉన్న మిశ్రమాల్లోనే ఈ వంపు వస్తోందని చూపించాయి.

అక్కడితో అయిపోలేదు. కోండో సూత్రం ప్రకారం పరమశూన్యం దగ్గర రెసిస్టెన్స్ అనంతమైపోవాలి, కెల్విన్ చెప్పినట్టు. అది జరగదు. ఒక ఉష్ణోగ్రత కిందకి దిగాక ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఇనుము చుట్టూ మూగి, దాని అయస్కాంతాన్ని కప్పేస్తాయి. బయటి నుంచి చూస్తే అక్కడ అయస్కాంతమే లేనట్టుంటుంది. వాచ్‌మన్ చుట్టూ పిల్లలంతా చేరి కబుర్లలో పెట్టేసినట్టు. రాగిలో ఇనుముకైతే ఇది కొన్ని పదుల కెల్విన్ల దగ్గరే మొదలవుతుంది. బంగారంలో ఇనుముకి ఒక కెల్విన్ కంటే కిందికి పోవాలి. ఈ మార్పును మొదటినుంచి చివరిదాకా లెక్క కట్టడానికి కెన్నెత్ విల్సన్ 1975లో ఒక కొత్త పద్ధతే తయారు చేయాల్సి వచ్చింది.

మకిలి గురించి ఇంకొక్క సంగతి. ఓన్నెస్ పాదరసంలో బంగారం కలిపినా సూపర్‌కండక్టివిటీ చెక్కుచెదరలేదు కదా. 1958లో లాంథనం అనే సూపర్‌కండక్టర్‌లో గాడోలినియం కలిపి చూశారు, నూటికి ఒక పాలు. సూపర్‌కండక్టివిటీ చచ్చిపోయింది. గాడోలినియం అయస్కాంత అణువు. ఓన్నెస్ తన లవణాల్లో కొలిచిన అదే గాడోలినియం. ఆ రెండు నోట్‌బుక్కులూ ఒకదాని పక్కన ఒకటి ఉండగా ఆయన పాదరసంలో కలిపింది బంగారం, కాడ్మియం.

నా రీడింగ్ సంగతి. అది కోండో ఎఫెక్ట్ కాదు, భ్రమలేం లేవు. వేడి నూనెలో రాగి తీగకి అలాంటిది జరగదు. స్క్రూ వదులై ఉంటుంది, లేదా నూనె సరిగ్గా కలపలేదు. అయినా ఈమధ్య ఒకరోజు ఆ రికార్డు కోసం వెతికాను. ఫస్టియర్ రికార్డులు పాత పేపర్లతో కలిపి ఎప్పుడో అమ్మేశామని అమ్మ చెప్పింది. నేను వేసిన అంకె నాకు బాగా గుర్తుంది, 4.62 ఓమ్‌లు. చెరిపేసిన అంకె ఏమిటో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.